ఇనుప తెరకు ఇవతల

బల్ల మీద ప్లాను పరిచి ఉంది. సగమే గీశారు. గీసిన మనిషి ఇక లేరు.

ఇది 1878, లండన్. మీకు ఇరవై మూడు దాటి ఇరవై నాలుగు వస్తోంది. మీ మామగారు జెత్రో రాబిన్సన్ ఉన్నట్టుండి కన్నుమూశారు. నిరుడే ఆయన కూతురు ఎఫీని పెళ్లి చేసుకున్నారు మీరు. పెళ్లి ముచ్చట్లు తీరకముందే ఆయన ఆఫీసూ, ఆయన ఒప్పుకున్న పనులూ మీ నెత్తిన పడ్డాయి.

మీ పేరు ఫ్రాంక్ మ్యాచమ్. డెవన్ జిల్లా న్యూటన్ ఆబట్‌లో పుట్టారు. సముద్రపొడ్డున టోర్కీలో పెరిగారు. పెద్ద కాలేజీల్లో చదవలేదు. ఊళ్లో ఒక ఆర్కిటెక్టు దగ్గర చేరి, ఆయన చెప్పిన గీతలు గీస్తూ పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఎలిఫెంట్ అండ్ కాజిల్ నాటకశాల ప్లాను. వదిలేస్తే ఎవరూ తప్పుపట్టరు. పెద్ద ఆర్కిటెక్టు ఎవరికైనా అప్పగించి, మీరు గుమాస్తాగా మిగిలిపోవచ్చు.

పెన్సిలు అందుకుంటారు.

గీయడం మొదలుపెట్టగానే అసలు చిక్కు తెలుస్తుంది. స్థలం ఇరుకు. రెండు వీధుల మధ్య, పక్క ఇళ్ల గోడలకు ఆనుకుని ఉన్న ముక్క. యజమానికి కావలసినవి సీట్లు. ఇంకో వరస, ఇంకో పది మంది, ఇంకో పది టికెట్లు. మెట్ల దారిని ఒక అడుగు వెడల్పు చేశారంటే సీట్లు పోతాయి. రెండో మెట్ల దారి పెట్టారంటే మరిన్ని పోతాయి. మెట్ల మీద ఎవరూ కూర్చోరు, మెట్లకి ఎవరూ డబ్బివ్వరు. మరి మెట్లు ఎంత వెడల్పు ఉండాలి? ఈ ప్రశ్న మిమ్మల్ని జీవితాంతం వదలదు. మీ మామగారు నాటకశాలలకు లైసెన్సులిచ్చే లార్డ్ చాంబర్లెయిన్ ఆఫీసుకి సలహాదారు. జనం ఎటునుంచి వస్తారు, ఎటునుంచి పోతారు, నిప్పంటుకుంటే ఏమవుతుందని చూడటమే ఆయన పని. ఆ చూపు మీకూ అంటుకుంది.

1879లో హాలు తెరుచుకుంటుంది. తర్వాత ఇంకో పని. ఇంకో ఊరు. 1883లో సండర్లాండ్ నుంచి వచ్చిన వార్త చదువుతారు. విక్టోరియా హాల్లో పిల్లల ప్రదర్శన. కింద బహుమతులు పంచుతున్నారని మేడమీది పిల్లలంతా మెట్ల వెంట పరుగెత్తారు. మెట్ల చివర తలుపు ఒక మనిషి పట్టేంత సందు వదిలి గడియ వేసి ఉంది. 183 మంది పిల్లలు అక్కడే, ఒకరి మీద ఒకరు పడి చనిపోయారు. నిప్పు లేదు, పొగ లేదు. ఒక గడియ.

నాలుగేళ్లు గడుస్తాయి. 1887 సెప్టెంబరు మొదటి వారం. ఈసారి వార్త మీ సొంత జిల్లాది. ఎక్సెటర్. మీరు పెరిగిన టోర్కీకి ఇరవై మైళ్ల దూరం. అక్కడి థియేటర్ రాయల్ కట్టి ఏడాది కూడా నిండలేదు. కట్టింది చిన్నాచితకా మనిషి కాదు, దేశంలో నాటకశాలల ఆర్కిటెక్టు అనగానే ముందు గుర్తొచ్చే ఫిప్స్.

ఆ రాత్రి ఆ హాల్లోకి ఒక్కసారి వెళ్లండి. ప్లాను గీసేవాడు ఎలాగూ వెళ్లాలి.

మీరు గ్యాలరీలో ఉన్నారు. అంటే అన్నిటికంటే పైన, కప్పు కింద. మన హాళ్లలో బాల్కనీ టికెట్టు ఖరీదు, నేల టికెట్టు చవక. ఇక్కడ లెక్క తిరగబడింది. డబ్బున్నవాళ్లు కింద, లేనివాళ్లు ఆకాశంలో. బెంచీ మీద భుజానికి భుజం ఆనుకుని కూర్చున్నారు. స్టేజీ పైన, మీకు కనపడని ఎత్తులో, రంగులు వేసిన గుడ్డ తెరలు వరసగా వేలాడుతున్నాయి. వాటి పక్కనే గ్యాస్ దీపాలు, మంట బయటికే ఉంది. ఒక పల్చటి తెర ఊగింది. దీపానికి తగిలింది.

మండుతున్నది స్టేజీ. కానీ వేడిగాలి పైకి పోతుంది. పైన ఉన్నది మీరు.

పొగ ముందు మీ దగ్గరికే వస్తుంది. లేస్తారు. అందరూ లేస్తారు. దిగడానికి ఒకటే మెట్ల దారి. మెట్లకు మలుపు ఉంది. ముందున్నవాడు పడ్డాడు. వాడి మీద ఇంకొకడు. ఊపిరి సలపదు. వెనకనుంచి తోపు. ముందు గోడలా మనుషులు.

186 మంది. బ్రిటన్ చరిత్రలో ఏ నాటకశాలలోనూ అంతమంది చనిపోలేదు.

మళ్లీ బల్ల దగ్గరికి రండి. పెన్సిలు చేతిలోనే ఉంది. ఇప్పుడు యజమాని వచ్చి ఇంకో వరస బెంచీలు పడతాయా అని అడిగితే ఏమంటారు?

మ్యాచమ్ చెప్పిన సమాధానం నాకు ఆయన కట్టిన హాళ్లలోనే కనపడుతుంది. గ్యాలరీ వాళ్లకి వేరే తలుపు, వేరే మెట్లు. తలుపులు బయటికి తెరుచుకోవాలి, తోసేవాడి తోపుకి దారివ్వాలి. స్టేజీకీ జనానికీ మధ్య మందపాటి ఇటుక గోడ. ఆ గోడలో ఒకే పెద్ద ఖాళీ, అదే మనం బొమ్మ చూసే చోటు. ఆ ఖాళీని మూసేందుకు పైన ఒక తెర, గుడ్డది కాదు, నిప్పుకి తట్టుకునేది. ఇవన్నీ ఆయన ఒక్కడే కనిపెట్టినవని అనడం లేదు. ఎక్సెటర్ తర్వాత దేశమంతా ఇవే మాటలు. కానీ దేశంలో అందరికంటే ఎక్కువ హాళ్లు కట్టింది ఆయన. కొత్తవే తొంభై దాకా, బాగుచేసినవి మరో ఎనభై దాకా. నియమాన్ని కాగితం మీంచి ఇటుకలోకి అన్నిసార్లు దించిన చెయ్యి ఇంకొకటి లేదు.

1892. ఎడిన్‌బరో నగరం, నికల్సన్ స్ట్రీట్. ఎడ్వర్డ్ మాస్ అనే వినోద వ్యాపారి మీ చేత ఒక హాలు కట్టిస్తున్నాడు. పేరు ఎంపైర్ ప్యాలెస్. పాటలు, గారడీలు, కుక్కల ఆటలు, హాస్యగాళ్లు, అన్నీ ఒక రాత్రిలో చూపించే హాలు. మూడు వేల మంది పట్టాలి.

సున్నం వాసనలో తిరుగుతారు. పైన తాపీ పనివాళ్లు గచ్చుతో పోతపోసిన బొమ్మలు బిగిస్తున్నారు. తీగలు, దేవకన్యలు, బంగారు పూత. లండన్‌లోని పెద్ద ఆర్కిటెక్టులు ఇది చూసి మూతి విరుస్తారు. వాళ్ల సంఘంలో మీరు లేరు, వాళ్ల పత్రికల్లో మీ పేరుకి గౌరవమూ పెద్దగా లేదు. ఆ చిన్నచూపు నాకు ఏనాడూ నచ్చలేదు. పగలంతా బొగ్గు పొగలో, మిల్లు రొదలో గడిపిన మనిషి కొన్ని పెన్నీలు పెట్టి రాత్రి రెండు గంటలు రాజుగారి మేడలో కూర్చుంటానంటే, ఆ మేడ కట్టిచ్చిన వాడిది చవక అభిరుచి ఎలా అవుతుంది?

ఇంకో పని కూడా జరుగుతోంది, అది కంటికి కనపడదు. పాత హాళ్లలో పై అంతస్తుల్ని మోయడానికి స్తంభాలు ఉంటాయి. స్తంభం వెనక సీటు దొరికినవాడు నాటకమంతా మెడ పక్కకి వంచి చూడాలి. మీరు ఉక్కు దూలాన్ని ఒక కొస గోడలో బిగించి, రెండో కొస గాలిలో వదిలేస్తారు. మన కిటికీల మీద సజ్జా నిలిచేది ఇలాగే, కాకపోతే ఇక్కడ సజ్జా మీద వందల మంది కూర్చుంటారు. ఏళ్లు గడిచే కొద్దీ మీ హాళ్లలో స్తంభాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. 1901లో హ్యాక్నీ ఎంపైర్, 1904లో లండన్ కొలీసియం వచ్చేసరికి పైన కూర్చున్నవాడికీ స్టేజీకీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు. ఇంకో లాభం. పరుగెత్తాల్సి వచ్చినప్పుడు చీకట్లో గుద్దుకోవడానికి స్తంభం లేదు.

1892 నవంబరు 7న ఎంపైర్ ప్యాలెస్ తెరుచుకుంది. 1896 ఏప్రిల్‌లో అదే స్టేజీ మీద ఒక తెల్ల గుడ్డ కట్టి, దాని మీద కదిలే బొమ్మలు వేశారు. స్కాట్లాండ్‌లో జనం టికెట్టు కొని చూసిన మొట్టమొదటి సినిమాల్లో అవి ఉన్నాయి. అప్పటికి సినిమా గారడీల మధ్య పది నిమిషాల వింత. కానీ ఆ వింతతో పాటు హాల్లోకి కొత్త నిప్పు వచ్చింది. ఫిల్ము సెల్యులాయిడ్. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. మరుసటి ఏడాదే పారిస్‌లో ఒక ధర్మకార్యపు సంతలో సినిమా యంత్రం దీపం దగ్గర మంట లేచి వంద మందికి పైగా చనిపోయారు. 1909లో బ్రిటన్ చట్టం చేసింది: ప్రొజెక్టరు జనం మధ్యన ఉండకూడదు, దానికి నిప్పు తట్టుకునే వేరే గది ఉండాలి. ఈనాడు మన ఊరి హాల్లో వెనక గోడలో చిన్న కిటికీలోంచి వెలుతురు వస్తుందే, ఆ గది పుట్టుకలో ఇలాంటి చావులున్నాయి.

ఇక పెన్సిలు కింద పెట్టండి. ఇప్పుడు మీరు మ్యాచమ్ కాదు. ఆయన కట్టిన హాల్లోకి టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి.

1911 మే 9, మంగళవారం. రాత్రి రెండో ఆట. గ్యాలరీ మెట్లు ఎక్కుతున్నారు. పక్కన భార్య. చేతిలో టోపీ. మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టరు, ఎవరు పెడతారు? బెంచీ దొరికింది. హాలు కిటకిటలాడుతోంది. మూడు వేల మంది.

అందరూ వచ్చింది గ్రేట్ లాఫాయెట్ కోసం. జర్మనీలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న గారడీవాడు. ఈ వారం అతని మనసు బాగోలేదని ఊరంతా చెప్పుకుంటోంది. ప్రాణంగా పెంచుకున్న కుక్క బ్యూటీ కొద్ది రోజుల కిందటే చనిపోయింది. పియర్స్‌హిల్ శ్మశానంలో చోటు అడిగితే, నువ్వూ ఒకనాడు ఇక్కడే పడుకుంటానంటే ఇస్తామన్నారు. సరేనన్నాడు.

ఆఖరి అంశం, సింహం పెళ్లికూతురు. స్టేజీ నిండా తూర్పుదేశపు అంతఃపురం. పరదాలు, తివాచీలు, దిండ్లు, వేలాడే దీపాలు. బోనులో నిజమైన సింహం గర్జిస్తోంది. నల్లటి గుర్రం మీద లాఫాయెట్ వచ్చాడు. బోనులోకి పెళ్లికూతురు అడుగుపెడుతుంది. సింహం ఆమె మీదికి దూకుతుంది. ఆ క్షణంలో సింహం తోలు ఊడిపడి లోపల లాఫాయెట్ కనపడతాడు. ఎప్పుడు మారాడు? ఎలా మారాడు? అదే కనికట్టు. చప్పట్లు ఆగవు.

ఒక దీపం దగ్గర ఏదో మెరిసింది.

పరదా అంచున నిప్పు. చిన్నది. నారింజ రంగు.

ఇది కూడా ఆటలో భాగమే అనుకుంటారు. మీ పక్కవాడు నవ్వుతున్నాడు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. గారడీవాడి స్టేజీ మీద ఏది నిజమో, ఏది కాదో మీకెలా తెలుస్తుంది?

నిప్పు పరదా వెంట పైకి పాకింది. ఇంకో పరదా. ఇంకోటి.

పైనుంచి మండుతున్న గుడ్డ ముక్క రాలింది.

నవ్వుతున్నవాడు ఆగిపోయాడు.

పెద్ద చప్పుడు. స్టేజీ ముందు ఏదో దిగుతోంది. గుడ్డ తెర కాదు. ఇనుప తెర. బరువుగా, దడదడమంటూ. లాఫాయెట్ లేడు, సింహం లేదు, మంట లేదు. మీ ఎదుట ఇప్పుడు గోడ.

తెర అంచున పొగ.

లేచారు. అందరూ లేచారు. బెంచీలు కిర్రుమన్నాయి. పిల్లవాడెవడో ఏడుస్తున్నాడు. భార్య మీ చెయ్యి పట్టుకుంది. పరుగెత్తాలా? ఎటు? ముందు వరసవాడిని తొయ్యాలా? ఒక్కడు తోస్తే చాలు. ఒక్కరు పడితే చాలు. తర్వాత అది సండర్లాండ్. తర్వాత అది ఎక్సెటర్.

అప్పుడు కిందనుంచి వాద్యాలు.

బ్యాండు జాతీయ గీతం వాయిస్తోంది. గాడ్ సేవ్ ది కింగ్. రోజూ ఆట అయిపోయాక వాయించేదే. వినగానే కాళ్లు వాటంతటవే నిలబడతాయి, నిలబడి తలుపు వైపు తిరుగుతాయి. చిన్నప్పటినుంచీ అలవాటు. మూడు వేల మందికీ ఒకేసారి ఒకే మాట చెప్పినట్టయింది: ఆట అయిపోయింది, ఇంటికి పదండి.

నడుస్తున్నారు. పరుగు కాదు, నడక. మెట్లు. మీ మెట్లు. కిందివాళ్లు వేరే దారిన పోతున్నారు, ఎక్కడా మీతో కలవరు. మలుపు. ఇంకో మలుపు. చెయ్యి గోడకి ఆనింది, చల్లగా ఉంది. తలుపు. బయటికి తెరుచుకుంది.

వీధి. చల్లగాలి.

హాలు ఖాళీ కావడానికి రెండున్నర నిమిషాలు పట్టిందని చెప్పుకుంటారు. ప్రేక్షకుల్లో ఒక్కరు కూడా చనిపోలేదు.

వెనక్కి తిరిగి చూస్తారు. స్టేజీ ఉన్న వైపు కప్పు మీంచి మంటలు లేస్తున్నాయి. అప్పుడు తడుతుంది మీకు. మనం వచ్చేశాం. మరి తెరకు అవతలివాళ్లు?

అవతల దారి లేదు. తన కనికట్టు రహస్యం బయటికి పొక్కకూడదని లాఫాయెట్ తలుపులకు తాళాలు వేయించాడు. ఇటునుంచి ఎవరూ దొంగచాటుగా తొంగిచూడకూడదు. మిగిలిన దారి పొగతో నిండిపోయింది. లాఫాయెట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. అందులో ఆటబొమ్మ లోపల దాక్కుని దాన్ని నడిపించే పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. సింహం పోయింది. గుర్రం పోయింది. లాఫాయెట్ ఒకసారి బయటపడి గుర్రం కోసం మళ్లీ లోపలికి వెళ్లాడని కొందరంటారు.

తర్వాతి కథ ఎడిన్‌బరోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వేషాన్ని బట్టి అతనిదే అనుకున్న శవాన్ని దహనానికి గ్లాస్గో పంపారు. వేళ్లకి ఉండాల్సిన ఉంగరాలు లేవని అనుమానం. స్టేజీ కింద శిథిలాల్లో ఇంకో శవం దొరికింది, ఉంగరాలతో. మొదటిది అతనిలా వేషం కట్టి జనాన్ని మభ్యపెట్టే మనిషిది. చివరికి లాఫాయెట్ బూడిద మాటిచ్చినట్టే బ్యూటీ దగ్గరికి చేరింది.

వింత కథే, ఎవరికైనా గుర్తుండిపోతుంది. కానీ ఆ రాత్రి జరిగిన పెద్ద విషయం అది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మూడు వేల మంది ఆ రాత్రి తమ తమ ఇళ్ల తలుపులు కొట్టారు. పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఆర్కిటెక్టు సీట్లు వదులుకుని గోడలూ మెట్లూ గీశాడు. ఆయన గీసిన గోడ నిలబడింది, మెట్లు పనిచేశాయి. అలాంటి తలుపుకే ఎవరో తాళం వేసిన చోట మనుషులు చచ్చిపోయారు. ప్లానులో తలుపు గీయవచ్చు. తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో గీయడం ఎవరి వల్లా కాదు.

స్టేజీ బూడిదైంది. ఇటుక గోడకు ఇవతల హాలు మాత్రం చాలావరకు నిలిచింది. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 7న, మళ్లీ ఆట పడింది. ఆ వేసవిలో కొత్త రాజు అయిదో జార్జి ఈ హాల్లోనే వినోద ప్రదర్శన చూడాల్సి ఉంది. మంటల వల్ల అది తప్పిపోయి, 1912లో లండన్‌లో ఇంకో హాల్లో జరిగింది.

అదే 1911 చివర్లో మ్యాచమ్ లండన్‌లో విక్టోరియా ప్యాలెస్ తెరిచాడు. అప్పటికే దేశంలో చాలా పెద్ద ఊళ్లలో ఆయన కట్టిన హాళ్లు ఉన్నాయి. లండన్ హిప్పోడ్రోమ్‌లో స్టేజీ ముందు లక్ష గ్యాలన్ల నీళ్ల తొట్టె కట్టాడు. కొలీసియంలో మూడు వలయాలుగా తిరిగే స్టేజీ పెట్టాడు. బక్స్‌టన్ అనే చిన్న కొండ ఊరికి ఒక నగలపెట్టె లాంటి ఒపేరా హౌస్ ఇచ్చాడు. 1920 మేలో చనిపోయాడు. గోరు మరీ లోతుగా కత్తిరించుకుంటే రక్తం విషమైందని చెబుతారు. ఆయన పోయేసరికి జనం సినిమాలకు మళ్లారు. ఆయన హాళ్లు కొన్ని సినిమా హాళ్లయ్యాయి, కొన్ని బింగో ఆడుకునే చోట్లయ్యాయి, ఎక్కువ భాగం కూల్చేశారు. ఎడిన్‌బరో హాలుని 1928లో తిరగకట్టారు. 1994 నుంచి అక్కడే ఫెస్టివల్ థియేటర్ నడుస్తోంది.

పాతిక దాకా మిగిలాయి. కొలీసియం లండన్ నడిబొడ్డున ఇంకా నడుస్తూనే ఉంది, ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా అక్కడ పాడుతుంది. ఎప్పుడైనా వెళితే ఖరీదైన సీటు అక్కర్లేదు. అన్నిటికంటే పైన బాల్కనీకి తీసుకోండి, అక్కడి టికెట్టు ఇప్పటికీ చవకే. స్తంభం అడ్డం లేకుండా స్టేజీ మొత్తం కనపడుతుంది.